1/70ని ఏ కాపీలో చదివావు తమ్ముడూ?

లా కాలేజీలో సీటు తెచ్చుకున్న ఆదివాసీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీతో ఒక పేచీ ఉంది. మీతో కన్నా మీకు చదువు చెప్పేవాళ్లతో ఎక్కువ పేచీ.

సెక్షన్లు బట్టీ పట్టిస్తారు. గైడ్లు కొనిపిస్తారు. మూట్ కోర్టులో కోటు తొడిగించి ఫొటోలు తీస్తారు. కానీ ఒక చట్టం ఈరోజు ఏ రూపంలో అమల్లో ఉంది, దాన్ని ఎక్కడ వెతకాలి, దొరికిన కాగితం నమ్మొచ్చా లేదా అన్నది ఎంతమంది కూర్చోబెట్టి నేర్పుతున్నారు? లైబ్రరీ పీరియడ్ అంటే ఖాళీ పీరియడే కదా!

దీంట్లో పోయేది మార్కులు కాదు, భూమి.

1959 భూ బదలాయింపు రెగ్యులేషన్ పాత ప్రతి పట్టుకుని కేసు వేశావనుకో. అందులో నిషేధం ఆదివాసీ చేసే బదలాయింపులకే. 1970 సవరణ వచ్చాక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. అంతకన్నా పెద్ద ముక్క ఇంకోటుంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, కాదని రుజువయ్యేదాకా, ఆదివాసీ నుంచి పోయిందనే లెక్క. రుజువు భారం వాడిది. ఇది తెలియని వకీలు, ఎదుటివాళ్లు మన అవ్వని "నీ భూమేనని కాగితం ఏదీ?" అని నిలదీస్తుంటే నోరు మూసుకుని కూర్చుంటాడు.

1997 సమత తీర్పు తీసుకోండి. ఆ చట్టంలో "వ్యక్తి" అంటే ప్రభుత్వం కూడా అని చెప్పిన తీర్పు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరిది ఆ మాట, ఒకరిది భిన్నాభిప్రాయం. ఆ ఒక్కరి పేరా నెట్‌లో కోసి "సుప్రీంకోర్టు చెప్పింది" అని అతికిస్తే, మైనింగ్ కంపెనీకి ఫీజు లేకుండా వాదించినట్టే.

జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్‌లో కొట్టేశారు. ఆ తీర్పు మీద మనకు కోపం ఉంది, ఉండాలి కూడా. అయినా ఆ జీవో ఇంకా బతికే ఉన్నట్టు పిటిషన్ రాస్తే ఎట్లా?

ఇక చాట్‌జీపీటీ. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు అది పుట్టించిన లేని కేసుల్ని కోర్టులో పెట్టారు. 5,000 డాలర్ల జరిమానాతో బయటపడ్డారు. మన కక్షిదారుకి ఉన్నదే రెండెకరాల పోడు.

సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్‌లో పైసా లేకుండా దొరుకుతున్నాయి. పాత ఫైళ్లకి సమాచార హక్కు చట్టం ఉంది. వీటిని వాడటం మొదటి ఏడాదిలోనే, మార్కులు పెట్టి నేర్పమని అడగండి. గైడ్ చూసి రాసే ప్రశ్న కాదు, ఒక భూతగాదా చేతికిచ్చి "ఇవాళ్టి చట్టం వెతికి తీసుకురా" అనే పరీక్ష పెట్టమనండి. నోటిమాటగా వద్దు. ప్రిన్సిపాల్‌కి దరఖాస్తు రాసి, రసీదు మీద తేదీ, స్టాంపు వేయించుకోండి.