చూపుచే నడచు కుర్చీ

కాలుసేతులు చచ్చుబడి, మాట పడిపోయిన రోగికి సయితము కన్నులను కదల్చు శక్తి కొన్నివేళల మిగిలియుండును. ఫ్రాన్సు దేశపు పత్రికాసంపాదకుడగు జాన్ దొమినిక్ బోబీ 1995లో అట్టి స్థితికి లోనై, ఎడమకంటి రెప్పపాటుచే ఒక్కొక్క యక్షరమును తెలియజేయుచు ఒక గ్రంథమునే వ్రాయించెను. అది 1997లో ప్రచురింపబడెను. రెప్పపాటు గ్రంథమును వ్రాయింపగలిగినప్పుడు చూపు కుర్చీని నడపలేదా? నడపగలదని శాస్త్రజ్ఞులు చేసి చూపియున్నారు.

దాని మర్మము మన విద్యార్థులు తెలిసికొనదగినది. కనుగ్రుడ్డు చిన్న విద్యుద్ఘటము వంటిది. ముందరి స్వచ్ఛపటలము ధనముగను, వెనుకటి నేత్రపటలము ఋణముగను ఉండును. ఈ సంగతిని 1849లో ఎమీల్ డ్యూబ్వా రేమోన్ అను జర్మను పండితుడు కనుగొనెను. కణతలయొద్దను, కంటికి పైనను క్రిందను చిన్న లోహపు బిళ్లల నంటించినచో, గ్రుడ్డు తిరిగిన వైపు బిళ్లయందు వోల్టేజి హెచ్చును. ఒక డిగ్రీ తిరిగినప్పుడు కలుగు మార్పు వోల్టులో పదిలక్షలవ వంతులు ఇంచుమించుగ 20 మాత్రమే. దానిని పెద్దదిగ జేసి కంప్యూటరున కందిచ్చినచో, అది మోటారునకు ఆజ్ఞ యిచ్చును. కుడికి చూచిన కుడికి, ఎడమకు చూచిన ఎడమకు కుర్చీ తిరుగును.

అయితే కన్ను చూచుటకు గదా మొదట కలిగినది! బాటప్రక్క పిట్టను చూచిన రోగిని కుర్చీ పిట్టవైపునకే కొనిపోయినచో నది సాయమా, అపాయమా? ముట్టినదెల్ల బంగారమై అన్నము తినలేకపోయిన మైడాసు రాజు పేరనే శాస్త్రజ్ఞులు ఈ చిక్కును పిలుచుచున్నారు. చెమటపట్టి బిళ్ల కదలినను సంకేతము తప్పును. కావున ఇట్టి కుర్చీ యెంత త్వరగా నిలుచునో మొదట పరీక్షించి, ఎంత చక్కగా నడచునో తరువాత చూడవలెనని నా యభిప్రాయము. బుద్ధిపూర్వకముగ రెండుమారులు రెప్ప మూసినగాని కదలకుండుటయు, అడ్డు తగులబోవుచుండగనే తనంత నిలిచిపోవుటయు దానికి ముఖ్యలక్షణములై యుండవలెను.

ఇంత వ్యయమేల, త్రోయుటకొక మనుష్యుడు చాలడా యని కొందరడుగుదురు. త్రోయువాడు తనకు తీరికయైనప్పుడు, తనకు తోచిన చోటికి త్రోయును. కిటికీయొద్దకు పోవలెననియు, ఇక చాలును వెనుకకు మరలుదమనియు కోరుట మనకు స్వల్పవిషయము. ఏండ్ల తరబడి ఒకే గోడను చూచుచున్నవానికి స్వాతంత్ర్యమన నదియే.

మరియొక మాట. చూపునకెంత బలమున్నను అది మెట్లు ఎక్కజాలదు. ప్రజలు వచ్చిపోవు కట్టడములు వికలాంగులకును అందుబాటుగ నుండవలెనని మన దేశమున 2016వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. అడుగెత్తునకు 12 అడుగుల పొడవుగల యేటవాలు బాట కుర్చీకి చాలును. దానికి గొప్ప విజ్ఞాన మక్కరలేదు. ఇటుకలు, తాపీపనివాడు, మనకు మనస్సు ఉన్న చాలును.

పక్షవాయువు గలవానిని నలువురు మోసికొనివచ్చి, ద్వారమున త్రోవ దొరకక ఇంటికప్పు విప్పి దింపిన వృత్తాంతమును మార్కు సువార్తలో మనమెల్లరము చదివియున్నాము. మనము కప్పు విప్పనక్కరలేదు. ఆ కుర్చీ మన యూరికి వచ్చువరకు కాచియుండనక్కరయు లేదు. బడి మెట్ల ప్రక్కను, దేవాలయపు మెట్ల ప్రక్కను నేడే ఒక యేటవాలు బాట కట్టుదము.