తుడిచి రాయడానికి అది పలకా?

మొన్న సెలవులకు పెద్దారవీడు వెళ్ళినప్పుడు మా మేనల్లుడికి ‘మాయాబజార్’ నలుపు తెలుపు ప్రతి చూపించబోయాను. రెండు నిమిషాలు చూశాడో లేదో, “మామా, ఇది పాడైపోయిన కాపీ. మంచిది రంగుల్లో ఉంది, అది పెట్టు” అన్నాడు. వాడి తప్పేమీ లేదు. రంగులద్దడానికి పునరుద్ధరణ అని పేరు పెట్టిన పెద్దలదే తప్పు.

1957లో విజయా వారు నిర్మించిన ఆ చిత్రం 2010 జనవరిలో రంగులద్దుకొని, డీటీఎస్ శబ్దంతో, సినిమాస్కోపు తెరకెక్కింది. గీతలు తుడిచారు, గరగర తగ్గించారు. ఆ శ్రమకు నమస్కరిస్తాను. పునరుద్ధరణ అంటే అదే. నా అభ్యంతరం ఆపైన చేసినదానికి. మార్కస్ బార్ట్లీ వెన్నెలను వెలుగునీడలతోనే సృష్టించాడు. ఏ వస్త్రం తెరపై ఏ బూడిద ఛాయలో పడుతుందో లెక్క కట్టి దీపాలమర్చడం ఆనాటి ఛాయాగ్రాహకుల విద్య. ఆ లెక్క మీద మరొకరి ఊహలోని రంగు పూయడం ఏ న్యాయం? పాత చట్రం వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు, స్కోపుది 2.35 రెట్లు. బొమ్మను సాగదీయకుండా ఆ తెర నింపాలంటే ఎత్తులో ఐదింట రెండు వంతులు కోయక తప్పదు. అది చాలదన్నట్లు కొన్ని పాటలకూ, పద్యాలకూ కత్తెర పడింది. కె.వి. రెడ్డి కూర్పును దిద్దే అధికారం వీరికెవరిచ్చారు?

“రంగులు లేకపోతే ఈ తరం చూడదు” అంటారు. రంగుల ప్రతికి జనం వచ్చిన మాట నిజమే. అయితే 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి దేశంలోని పలు నగరాల్లో వేసిన చిత్రాలలో ‘దేవదాసు’ (1953) నలుపు తెలుపులోనే ఉంది. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ నెగటివు 1993లో లండన్ అగ్నిప్రమాదంలో కాలిపోయినా, 2015 నాటికి దానిని నిలబెట్టినవారు ఒక్క రంగూ చేర్చలేదు.

మా మార్కాపురం ప్రాంతం పలకలకు ప్రసిద్ధి. పలక మీద రాసినది తుడిచి మళ్ళీ రాసుకోవచ్చు. నెగటివు పలక కాదు.

రంగుల ప్రతిని తగలబెట్టమనడం లేదు. దానిపై ‘మార్చినది’ అని రాయండి, ఏమేమి తీసేశారో చెప్పండి. పక్కనే, అసలు చట్రంలో, పూర్తి నిడివితో, శుభ్రపరచిన నలుపు తెలుపు ప్రతినీ థియేటరుకు తెండి. ఏది అసలో తెలిశాక ఏది చూడాలో మా మేనల్లుడే తేల్చుకుంటాడు.

మిత్రులారా, ఇది గొంతెమ్మ కోరికంటారా?