ఆన్‌లైన్ ఎమ్మెస్ ఆశ, తునికాకు పైసలు



ఈ మధ్య మా హాస్టల్‌లో ఫైనలియర్ వాళ్లకు ఒకటే ఫోన్లు. ఏ డిగ్రీ అయినా పర్లేదంట, ఇంట్లో కూర్చునే అమెరికా యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ చేయొచ్చంట, ఫీజు ఈఎంఐలో కట్టుకోవచ్చంట. బీఏ, బీకాం, బీజెడ్‌సీ చదివే మనోళ్లు ఆశ పడుతున్నారు. ఆశ తప్పని మేము అనం. కానీ ఆ ఈఎంఐ కట్టేది ఇంట్లోవాళ్ల తునికాకు పైసలతోనే కదా, అందుకే రాస్తున్నాం.

మనల్ని 'నాన్ టెక్నికల్' అంటారు. మనం ఎంచుకుని అయ్యామా? పదో తరగతి కాగానే దగ్గరున్న కాలేజీలో ఏ గ్రూపు ఉంటే అందులో చేరాం. లెక్కల సారు లేని చోట ఎంపీసీ ఎట్లా తీసుకుంటాం? అప్లికేషన్ ఫారంలో ఈ సంగతి రాసే గడి ఉండదు.

ఈ కోర్సులన్నీ ఒక్కటి కాదు. జార్జియా టెక్ 2014లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ ఎమ్మెస్ వీటిలో చవక. అయినా మన లెక్కలో 6 లక్షల దాకా అవుతుంది. పైగా సిఫార్సు ఉత్తరాలు కావాలి. మన పేరు కూడా సరిగ్గా తెలియని లెక్చరర్ ఏం రాస్తారు? కొలరాడో బౌల్డర్ పద్ధతి మాకు నచ్చింది. పాత మార్కులు అడగరు. ముందు మూడు కోర్సులు చేసి, సగటున బీ గ్రేడు తెచ్చుకుంటే సీటు. కానీ మొత్తం ఫీజు 15 వేల డాలర్లు దాటుతుంది, ఆ డబ్బుతో ఊళ్లో ట్రాక్టర్ కొనొచ్చు.

అందుకే మా అభిప్రాయం ఏంటంటే, మాస్టర్స్‌కు అప్పు చేసే ముందు, డిగ్రీ చదువుతుండగానే ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్‌లో చేరి చూడండి. ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే, పదిలో లెక్కలు, ఇంగ్లిష్ చదివి ఉంటే చాలు. నాలుగు వారాల పాఠాలు విని క్వాలిఫయర్ రాయాలి. ఫౌండేషన్‌లో 8 కోర్సులు: లెక్కలు, స్టాటిస్టిక్స్, పైథాన్, ఇంగ్లిష్ అన్నీ మొదటి నుంచి చెప్తారు. ఎస్టీలకు ఆదాయాన్ని బట్టి ఫీజులో 75 శాతం దాకా రాయితీ ఉంది. రెండు డిగ్రీలు ఒకేసారి చదవడానికి 2022లోనే యూజీసీ ఒప్పుకుంది. నచ్చకపోతే మధ్యలో ఆపినా ఇల్లు మునగదు. పాసైతే రేపు మాస్టర్స్ అప్లికేషన్‌లో చూపించడానికి మన చేతిలో ఒకటుంటుంది.

విదేశీ ఆన్‌లైన్ డిగ్రీ ఇక్కడి సర్కారు నోటిఫికేషన్లకు చెల్లుతుందా లేదా, రూపాయి కట్టకముందే రాతపూర్వకంగా అడగండి. ఫోన్ చేసినోళ్ల నోటి మాట నమ్మొద్దు.

ఇంకోటి. వ్యాసంలో పేదరికం గురించి బాగా రాయమని ఆ ఫోనోళ్లు చెప్తున్నారు. మాకది నచ్చలేదు. పోడు పట్టాల దరఖాస్తులు మన సీనియర్లు గ్రామసభ కోసం ఎక్సెల్‌లో ఎక్కించారు. ఒకే పేరు రెండుసార్లు పడటం, ఎకరాల్లో తేడాలు వాళ్లే పట్టుకున్నారు. అది డేటా పని కాదా? అది రాయండి.

మా హాస్టల్ కంప్యూటర్ రూముకు సాయంత్రం ఆరింటికే తాళం పడుతుంది. రాత్రి పదింటి దాకా తెరవాలని, లెక్కలకు ఒక ట్యూటర్‌ను ఇవ్వాలని వచ్చే సోమవారం ఐటీడీఏలో అర్జీ పెడుతున్నాం. మీ హాస్టల్‌లోనూ ఇదే పరిస్థితి అయితే పేరు చెప్పండి, అర్జీలో కలుపుతాం.