ఒంటి సిలిండరు అదురు ఎక్కడికి పోవాలి?

పాత గార్డెన్ ట్రాక్టర్ల కోలర్ ఇంజన్లు విప్పిన అమెరికన్ మెకానిక్కులు ఇద్దరు కలిస్తే ఒక తగువు తప్పదు. వాటిలో కొన్నిటికి క్రాంక్ కేసు లోపల, క్రాంక్ షాఫ్టుకు పైన ఒకటి, కింద ఒకటి రెండు పళ్లచక్రాలుంటాయి. ఒక పక్క బరువుగా చేసిన చక్రాలవి. ఇంజన్ అదురు తగ్గించడానికి కంపెనీయే పెట్టింది. ఇంజన్ మళ్లీ కట్టేటప్పుడు వాటిని బిగించాలా, తీసి పక్కన పెట్టాలా? దీని మీద దశాబ్దాలుగా రెండు వర్గాలున్నాయి. ఎవరి వాదనలో బలం వాళ్లది.

గార్డెన్ ట్రాక్టర్లు అక్కడ ఇళ్ల చుట్టూ ఎకరం, రెండెకరాల జాగా ఉన్నవాళ్లు కొన్న చిన్న బళ్లు. ఎండాకాలం గడ్డి కోస్తాయి, చలికాలం మంచు నెడతాయి, కూరల మడికి చిన్న నాగలి లాగుతాయి. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1961లో కబ్ కేడెట్‌ను తెచ్చింది. జాన్ డీర్ 1963లో తన 110 మోడల్‌తో దిగింది. రెండింటిలోనూ విస్కాన్సిన్‌లోని కోలర్ కంపెనీ కె సిరీస్ ఇంజనే. పోత ఇనుప బ్లాకు, ఒకే సిలిండరు, గాలితో చల్లబడే పెట్రోలు ఇంజను. ఈ బళ్లలో అది ఏడెనిమిది హార్స్‌పవర్‌తో మొదలై 16 దాకా పెరిగింది. ఆ బ్లాకులు ఎంత గట్టివంటే, అరవై ఏళ్ల తర్వాత కూడా బోరు కొట్టించి, కొత్త పిస్టన్ వేసి నడుపుతున్నారు.

ఒంటి సిలిండరుకు అదురు పుట్టుకతోనే ఉంటుంది. పిస్టన్ పైకి వెళ్లి ఆగి, కిందికి వచ్చి ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ ఇంజన్ బాడీని తన్నుతుంది. ఆ తన్నుకు విరుగుడుగా క్రాంక్‌కు ఎదురు పక్కన బరువు పెడతారు. పిస్టన్ తన్నుకు పూర్తిగా సరిపోయేంత బరువు పెడితే పైకీ కిందికీ అదురు చాలావరకు పోతుంది. కానీ పిస్టన్ మధ్యలో ఉన్నప్పుడు ఆ బరువు పక్కకు తిరిగి ఉంటుంది, అప్పుడు దాన్ని ఆపేది ఏదీ ఉండదు. నిలువు అదురు కాస్తా అడ్డం అదురుగా మారుతుంది, అంతే. అందుకే సాధారణంగా సగం దగ్గర ఆగి, మిగతా సగాన్ని భరిస్తారు. ఆ మిగిలిన సగాన్ని తినడానికే క్రాంక్‌కు ఎదురు దిశలో, అదే వేగంతో తిరిగే ఆ పళ్లచక్రాలు, అంటే బ్యాలెన్స్ గేర్లు. పక్కకు తిరిగినప్పుడు క్రాంక్ బరువునూ, పైకి కిందికి తిరిగినప్పుడు పిస్టన్ తన్నులో మిగిలిన వాటానూ అవి కొట్టేస్తాయి. కనెక్టింగ్ రాడ్డు వాలు వల్ల రెట్టింపు వేగంతో పుట్టే చిన్న అదురును మాత్రం ఇవి ముట్టుకోవు.

లెక్క ఇంత శుభ్రంగా ఉంటే ఎవరైనా ఎందుకు తీసేస్తారు? ఆ గేర్లు తిరిగేది బ్లాకులో దిగ్గొట్టిన చిన్న పిన్నుల మీద, సన్నని నీడిల్ బేరింగులతో. బేరింగ్ అరిగి విరిగితే గేరు క్రాంక్‌కూ గోడకూ మధ్య ఇరుక్కుంటుంది. బ్లాకుకు కన్నం పడుతుంది. ఆ బ్లాకుల తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. పైగా కె సిరీస్‌లో అసలు ఆ గేర్లు లేకుండా వచ్చిన ఇంజన్లూ బోలెడు, అవీ దశాబ్దాలు నడిచాయి. పిన్ను అరిగిన చోట గేర్లు తీసేయడం నా దృష్టిలోనూ తెలివైన పనే. ఇంకో మాట కూడా ఉంది. ఆ గేర్లను టైమింగ్ గుర్తులు కలపకుండా బిగిస్తే, అవి తీసేయాల్సిన అదురుకే తమ వంతు కలుపుతాయి. అంతకంటే లేకపోవడం నయం.

ఈ గేర్ల తగువులో పడి చాలామంది వదిలేసేది పిస్టన్ బరువు. కె301 అనే 12 హార్స్‌పవర్ ఇంజన్‌నే తీసుకోండి. స్ట్రోకు 3¼ అంగుళాలు, గవర్నర్ అనుమతించే పై వేగం నిమిషానికి 3600 చుట్లు, అంటే సెకనుకు 60. లెక్క కట్టి చూస్తే పిస్టన్ వైపు ఒక గ్రాము బరువు స్ట్రోకు చివర ఇంచుమించు 600 గ్రాముల బలంతో తన్నుతుంది. పై చివర ఇంకొంత ఎక్కువే. బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్ వేశారు, అది వేరే కంపెనీది, పాతదానికంటే పది గ్రాములు ఎక్కువ తూగింది అనుకుందాం. సెకనుకు 60 సార్లు ఆరు కిలోల తన్ను కొత్తగా చేరినట్టు. ఇంజన్ స్టార్ట్ చేశాక స్టీరింగ్ వణుకుతుంటే బ్యాలెన్స్ గేర్లు తీసినందుకే అని నింద పడుతుంది. తప్పు పిస్టన్‌ది కావచ్చు.

శ్రద్ధ ఉన్నవాళ్లు విప్పిన రోజే పాత పిస్టన్‌ను పిన్ను, రింగులు, లాకులతో సహా తూచి రాసి పెట్టుకుంటారు. కనెక్టింగ్ రాడ్డును అడ్డంగా సమంగా పట్టి, చిన్న కొసను మాత్రం తక్కెడ మీద ఆనించి ఆ కొస బరువు విడిగా తీస్తారు, ఎందుకంటే పెద్ద కొస క్రాంక్‌తో పాటు గుండ్రంగా తిరిగే లెక్కలోకి వస్తుంది. కొత్తది బరువెక్కువైతే పిస్టన్ లోపలి వైపు, బలం తగ్గని చోట కాస్త కోస్తారు.

అన్ని అదుర్లూ ఇంజన్‌లోంచే పుట్టవు. తొలి మోడల్ తర్వాత ఆ రోజుల్లో వచ్చిన కబ్ కేడెట్లకు డ్రైవ్ బెల్టు లేదు. ఇంజన్ నుంచి గేర్ బాక్సుకు నేరుగా షాఫ్టు వెళ్తుంది. అప్పట్లో అదే ఆ బండి గొప్ప. కానీ బెల్టు చిన్నాచితకా వంకరను మింగేస్తుంది, షాఫ్టు మింగదు. షాఫ్టు కొస కూర్చునే బుష్ అరిగితే బండంతా ఊగుతుంది. 1970ల మధ్యలో క్వయెట్‌లైన్ మోడళ్లలో ఇంజన్‌ను రబ్బరు మౌంట్ల మీద కూర్చోబెట్టారు. నడిపేవాడికి హాయి. కానీ ఆ రబ్బరు ఏళ్లు గడిచి కుంగిపోతుంది, ఇంజన్ జారుతుంది, షాఫ్టు లైను తప్పుతుంది. విసిగిపోయి రబ్బరు తీసేసి ఇనుప దిమ్మలు వేసి బిగించేవాళ్లున్నారు. లైను కుదురుతుంది, నిజమే. అదురంతా ఫ్రేములోకి దిగి బోల్టులు ఊడతాయి. గేర్లు తీసేసి, పిస్టన్ తూచకుండా, రబ్బరు కూడా పీకేస్తే ఇక ఎక్కడ అదురుతోందో వెతికే పనే ఉండదు, అన్నిచోట్లా అదురుతుంది. 1980లలో జాన్ డీర్ తన 318 మోడల్‌కి ఎదురెదురు సిలిండర్ల ఓనన్ ఇంజన్ పెట్టి ఈ గొడవను చాలావరకు తప్పించింది. రెండు పిస్టన్లూ ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదిలి ఒకదాని తన్ను ఇంకొకటి కొట్టేస్తాయి.

మన ఊళ్లలో ఒంటి సిలిండరు అంటే ముందు గుర్తొచ్చేది బావి దగ్గరి ఆయిల్ ఇంజను. రాజ్‌కోట్‌లో తయారయ్యే లిస్టర్ తరహా ఇంజన్ స్ట్రోకు ఐదున్నర అంగుళాలు, వేగం 650 చుట్లే. అదే లెక్క దానికి వేస్తే ఒక గ్రాము 33 గ్రాములుగా తన్నుతుంది. పిస్టన్ బరువైనదే అయినా వేగం తక్కువ, ఫ్లైవీళ్లు పెద్దవి, అడుగున సిమెంటు దిమ్మె. అదురు నేలలోకి పోతుంది. మన షెడ్లలో పిస్టన్ తూచే అలవాటు లేకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. తూచకపోయినా చెల్లిపోయింది.

పవర్ టిల్లర్‌కు అలా చెల్లదు. అదీ ఒంటి సిలిండరు డీజిలే. స్ట్రోకు 95 మిల్లీమీటర్లు, వేగం 2200 అనుకుంటే ఒక గ్రాము దాదాపు 250 గ్రాములవుతుంది. డీజిల్ పిస్టన్ మందం కాబట్టి కంపెనీకీ కంపెనీకీ తేడా పెద్దగా ఉండే వీలుంది. కింద దిమ్మె లేదు. దమ్ము చేసేటప్పుడు బురదలో వెనకే నడిచే మనిషి రెండు చేతులూ హ్యాండిల్ మీదే. సాయంత్రానికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఏళ్ల తరబడి అలా నడిపితే వేళ్లలో రక్తప్రసరణ, స్పర్శ దెబ్బతినవచ్చు.

ఇక్కడే అమెరికన్ల పద్ధతిని రెండుగా విడగొట్టాలి. అక్కడ గేర్లు తీసేసే మనిషి తన పాత బండిని కాపాడుకుంటున్నాడు, వారానికో గంట గడ్డి కోస్తాడు, పెరిగిన అదురు అతని సీటుకే. టిల్లర్ ఇంజన్‌లో బ్యాలెన్సర్ షాఫ్టు ఉంటే, దాని బేరింగ్ పోయిందని తీసి పక్కన పడేయడం అలాంటి నిర్ణయం కాదు. యజమానికి మిగిలిన ఖర్చు కూలికి నడిపేవాడి చేతుల్లోకి పోతుంది. బేరింగ్ మార్చి, గుర్తులు కలిపి మళ్లీ బిగించాల్సిందే. మనం తెచ్చుకోవాల్సింది వాళ్ల తక్కెడ. లేత్ షెడ్డులో రీబోరు అయ్యాక పాత పిస్టన్‌ను సంచిలో వేసి ఇస్తారు, లేదా అది అక్కడే తుక్కులోకి పోతుంది. గ్రాముల దాకా చూపించే ఎలక్ట్రానిక్ కాటా ఇప్పుడు చాలా కిరాణా కొట్లలో ఉంది. కొత్త పిస్టన్ బోరులోకి దిగకముందే రెండింటినీ దాని మీద పెట్టించి, తేడా ఎంతో బిల్లు మీదే రాయమని అడగవచ్చు.