ఎముక అతికింది... మరి నొప్పి?

‘‘కట్టు విప్పి రెండు నెలలైంది, ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతుక్కుంది. ఇంకా చెయ్యి పట్టుకుని కూర్చుంటుందేమిటి?’’ ఈ మాట అత్తగారే అననక్కర్లేదు. భర్త అనొచ్చు, కన్నకూతురే అనొచ్చు. పైకి అనకపోయినా, ‘పని తప్పించుకోవడానికి వేషాలు’ అని చూపులతో అనేవాళ్లకి కొదవలేదు.

బాత్రూములో జారిపడి మణికట్టు విరగడం మన ఇళ్లలో మామూలే. చాలామందికి కొన్ని వారాల్లో నయమైపోతుంది. కొందరికి మాత్రం దెబ్బ మానినా నొప్పి మానదు సరికదా, ఇంకా పెరుగుతుంది. చెయ్యంతా నిప్పుల్లో పెట్టినట్టు మంట. చీరకొంగు తగిలినా, ఫ్యాను గాలి సోకినా ఓర్చుకోలేరు. చెయ్యి వాస్తుంది, రంగు మారుతుంది, రెండో చేతికంటే వేడిగానో చల్లగానో ఉంటుంది. వేళ్లు బిగుసుకుపోతాయి. దీన్ని డాక్టర్లు ‘కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్’ అంటారు. కాలికి దెబ్బ తగిలినా రావచ్చు.

ఈ పేరు 1994లో పెట్టిందే అయినా జబ్బు కొత్తది కాదు. అమెరికా అంతర్యుద్ధంలో తూటా దెబ్బలు తిన్న సైనికుల్లో ఇలాంటి మంటనే చూసి, సైలాస్ వెయిర్ మిచెల్ అనే డాక్టరు 1864లోనే రాశాడు. సైనికుడి నొప్పి వైద్యగ్రంథానికెక్కింది. ఇల్లాలి నొప్పి మాత్రం ఇంకా వేషంగానే మిగిలింది! నిజానికి ఇది మగవాళ్లకంటే ఆడవాళ్లకే మూడు నాలుగు రెట్లు ఎక్కువగా వస్తుంది.

గాయం మానినా నరాలూ మెదడూ ఆ సంగతి తెలియనట్టు నొప్పిని పుట్టిస్తూనే ఉంటాయి. దీన్ని తేల్చిచెప్పే రక్తపరీక్షగానీ ఎక్స్‌రేగానీ లేదు. డాక్టరు చేతిని చూసి, ఆమె చెప్పింది విని నిర్ణయించాలి. అలాంటప్పుడు ఆమె నోరు నొక్కేస్తే జబ్బు బయటపడే దారేది?

నమ్మిన ఇళ్లలో మరో పొరపాటు జరుగుతుంది. ‘పాపం, ఆ చెయ్యి కదపకు’ అంటారు. కదపని చెయ్యి మరింత బిగుస్తుంది. బలవంతంగా లాగించడం, గట్టిగా మర్దనా చేయించడం కూడా మంచిది కాదు. మందులతో నొప్పి కాస్త అదుపులో పెట్టి, ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు మెల్లమెల్లగా కదిలించాలి. బిందెలెత్తడం, పిండి పిసకడం ఇంట్లో ఇంకెవరైనా చెయ్యాలి. చేతిరుమాలు మడవడం, చెంచా పట్టుకోవడం లాంటివి ఆమెనే చెయ్యనివ్వాలి. త్వరగా మొదలుపెడితే చాలామందికి ఏడాదిలోపే తగ్గుముఖం పడుతుంది. ఆలస్యమైతే కొందరికి ఏళ్ల తరబడి వదలదు.

ఓర్చుకోవడం మనకి చిన్నప్పటినుంచీ నేర్పిన విద్య. ఈ నొప్పి దగ్గర మాత్రం ఆ విద్య పనికిరాదు. కట్టులో ఉండగానే భరించలేనంత మంట పుడుతున్నా, కట్టు విప్పాక రోజురోజుకీ తగ్గాల్సిన నొప్పి పెరుగుతున్నా వెంటనే డాక్టరుకి చెప్పండి. ‘ఎముక బాగానే ఉంది’ అని పంపించేస్తే, నొప్పికి ప్రత్యేకంగా వైద్యం చేసే పెయిన్ క్లినిక్‌కి వెళ్లండి. పక్కింటావిడ ఈ మాట చెప్పుకుంటే, ముందు నమ్మండి.