ఆవిరికీ తూములుండాలి

చమురు బావుల సామాన్లు అమ్మే కంపెనీల బ్రోషర్లు ఈ మధ్య వరసపెట్టి చదివాను. నీకెందుకయ్యా అంటారా, బావుల నుంచి వచ్చే రీడింగుల్ని స్క్రీన్ మీద చూపించే ప్రోగ్రాములు రాయడం కొంతకాలంగా నాకు కూడు పెడుతున్న పని. ప్రతి బ్రోషర్లోనూ 'స్మార్ట్', 'ఇంటెలిజెంట్' అన్న మాటలే. సెన్సర్ల గురించి నాలుగు పేజీలు, ప్యాకర్ గురించి నాలుగు లైన్లు. నా లెక్కలో ఇది తలకిందులు. ఆవిరి ఎక్కిస్తున్న బావిలో ఏ ప్యాకర్‌కి ఆ ప్యాకర్ విడిగా మాట వినకపోతే, ఎన్ని సెన్సర్లు దించినా అవి జరుగుతున్న నష్టాన్ని రంగుల్లో చూపిస్తాయి, అంతే.

అసలు బావిలోకి ఆవిరెందుకో తెలియనివాళ్ళ కోసం కాస్త. కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ పక్కన కెర్న్ రివర్ అనే చమురు క్షేత్రం ఉంది, 1899లో బయటపడింది. అక్కడి నూనె తారుకి తమ్ముడి వరస. పంపు పెట్టి లాగితే వచ్చేది తక్కువ, ఇసుకనే పట్టుకుని ఉండిపోయేది ఎక్కువ. దాన్ని వేడి చేస్తే మాత్రం జిగట పోయి పల్చగా జారుతుంది. 1959లో వెనిజులాలో మెనె గ్రాండె అనే చోట షెల్ కంపెనీ వాళ్ళు భూమిలోకి ఆవిరి కొడుతుంటే అది నేల చీల్చుకుని పైకి తన్నింది. ఒత్తిడి తగ్గిద్దామని బావుల్ని వెనక్కి వదిలితే నూనె ధారగా వచ్చింది. ఆవిరి ఎక్కించి, కొన్నాళ్ళు మగ్గబెట్టి, అదే బావిలోంచి నూనె తీసే పద్ధతి అలా పుట్టింది. అంటే ఈ విద్య పుట్టడమే ఒక ప్రమాదంలో పుట్టింది, ఈ సంగతి గుర్తుంచుకోండి. 1960లలో కెర్న్ రివర్ కూడా ఆవిరి బాట పట్టింది.

చిక్కెక్కడంటే, అక్కడ కింద ఉన్నది ఒక్క ఇసుక పొర కాదు. ఇసుక, బంకమన్ను, మళ్ళీ ఇసుక, ఇలా దొంతరగా ఉంటాయి. ఒకే బావి వాటన్నిటినీ పొడుచుకుంటూ పోతుంది. ఒక పొర వదులు, ఇంకోటి బిగువు. నీరు పల్లమెరుగు అంటారు కదా, ఆవిరి సందు ఎరుగుతుంది. ఏ పొర వదులుగా ఉంటే అందులోకే దూరుతుంది. దూరిన చోట నూనె వేడెక్కి పల్చబడుతుంది, పల్చబడ్డది బయటికొచ్చేస్తే ఆ దారి ఇంకా సులువవుతుంది, అందుకని తర్వాతి విడత ఆవిరి కూడా అక్కడికే పోతుంది. తిన్నవాడికే మళ్ళీ మళ్ళీ వడ్డించడం అన్నమాట. చమురు వాళ్ళు అలాంటి దాన్ని 'థీఫ్ జోన్' అంటారు, దొంగ పొర. మన కాలువల సంగతి తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. తూములకి షట్టర్లు లేకపోతే ఎగువ వాళ్ళ చేలు చెరువులవుతాయి, చివరి ఆయకట్టు నెర్రెలు విచ్చుతుంది.

ప్యాకర్ అంటే ఆ కాలువలో అడ్డుకట్ట. బావికి బయట కేసింగ్ అనే పెద్ద గొట్టం, దాని లోపల ట్యూబింగ్ అనే చిన్న గొట్టం. రెంటి మధ్య ఖాళీని ఉబ్బి మూసేసే బిరడా లాంటిది ప్యాకర్. పొరకీ పొరకీ మధ్య ఒకటి పెడితే బావి గదులుగా విడిపోతుంది. ఒక్కో గదికి ఆవిరి వదలడానికి తలుపులా ఒక స్లీవ్ ఉంటుంది. గోడ ప్యాకర్, తలుపు స్లీవ్. గోడ సందుల్లోంచి ఆవిరి కారుతుంటే తలుపుకి తాళం వేసి ఏం లాభం?

హైడ్రాలిక్ ప్యాకర్లు చాలాచోట్ల ఎలా దించుతారంటే, నాలుగు ప్యాకర్లు ఒకే ట్యూబింగ్‌కి వరసగా కట్టి దించి, పైనుంచి ట్యూబింగ్‌లో ఒత్తిడి పెడతారు. నాలుగూ ఒకేసారి బిగుస్తాయి. విప్పాలంటే ట్యూబింగ్‌ని పైకి లాగాలి, అన్నీ ఊడతాయి. మూడోది కారుతోందని తెలిసినా దాన్నొక్కదాన్నే ముట్టుకోవడానికి లేదు. రిగ్గు తెచ్చి మొత్తం పీకి మళ్ళీ దించాలి. మా భాషలో చెప్పాలంటే ఒక గ్లోబల్ వేరియబుల్ పెట్టి నాలుగు ప్రోగ్రాములు దాని మీద ఆడించడం. ఎవడైనా జూనియర్ అలా రాస్తే రివ్యూలోనే తిప్పి పంపుతాం.

విడివిడిగా నడిపే పద్ధతిలో ప్రతి ప్యాకర్‌కీ పైనుంచి పావు అంగుళం స్టీలు గొట్టం, కంట్రోల్ లైన్ అంటారు, సొంతంగా వస్తుంది. మూడోది వదులైతే మూడో లైన్లో ఒత్తిడి పెంచి దాన్నే మళ్ళీ బిగించొచ్చు. ఇవాళ్టి దొంగ పొర ఆరేళ్ళ తర్వాత కూడా అదే అయి ఉంటుందని ఎవరూ రాసివ్వలేరు కాబట్టి, ఈ స్వేచ్ఛకి నేను చాలా విలువిస్తాను.

దీనికి పాతకాపుల అభ్యంతరం ఒకటుంది, కొట్టిపారేయదగ్గది కాదు. ప్రతి లైనూ కింది ప్యాకర్‌కి చేరాలంటే పై ప్యాకర్లన్నిటినీ తొలుచుకుని వెళ్ళాలి. తొలిచిన ప్రతిచోటా ఒక అతుకు, ప్రతి అతుకూ కారే అవకాశం. అందుకని మూడు లైన్లతోనే ఆరు పరికరాల్ని నడిపే పద్ధతులు కూడా వచ్చాయి, ఏ లైన్లో ఏ వరసలో ఒత్తిడి పెట్టావన్నదే అడ్రసు. వినడానికి ముచ్చటగా ఉంటుంది, నాలాంటి వాడికి మరీను. కానీ అందులో ఒక్క లైను తెగితే ఎన్ని ప్యాకర్లు మూగబోతాయో లెక్కేసుకోండి. పేరుకి విడివిడి, ప్రాణం మాత్రం ఉమ్మడి. ఆరు గదులు కావాలని ఆశపడి ఇలా చేసేకంటే, మూడు గదులతో సరిపెట్టుకుని ఎవరి లైను వాళ్ళకివ్వడం మేలని నా అభిప్రాయం.

ఇక వేడి. 100 బార్ల ఒత్తిడి దగ్గర ఆవిరి 311 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. మామూలు ప్యాకర్లలో వాడే రబ్బరు ఆ వేడికి గట్టిపడి పగిలిపోతుంది, అందుకే గ్రాఫైటో, లోహంతో లోహం బిగిసే సీళ్ళో వాడాలి. ఉక్కు కూడా ఊరుకోదు. 300 మీటర్ల ట్యూబింగ్ 30 డిగ్రీల నుంచి 310కి వెళ్ళిందంటే ఇంచుమించు ఒక మీటరు పొడుగు సాగుతుంది. చల్లారితే మళ్ళీ మీటరు కురచ. మధ్యలో సాగే జాయింటు పెట్టకపోతే ఆ మీటరంతా ప్యాకర్ల మీద పడుతుంది. కంట్రోల్ లైన్లో మూసిపెట్టిన ద్రవం వేడికి వ్యాకోచించి తనంతట తనే ఒత్తిడి పెంచుకుంటుంది, ఎవరూ చెయ్యని ఆజ్ఞ ప్యాకర్‌కి వెళ్ళినట్టు! ఇన్నిటి మధ్య పని చెయ్యాల్సిన వస్తువుని రెండో పేజీలో నాలుగు లైన్లలో తేల్చేస్తే ఒళ్ళు మండదూ?

నేనైతే కొనేముందు ఒక్క ప్రశ్న అడుగుతాను: లైను తెగిన రోజు ప్యాకర్ ఏ స్థితిలో ఉంటుంది? ఊడిపోతే, రెండో పొరకని పంపిన ఆవిరి ఎవరికీ తెలియకుండా మొదటి పొరలోకి మళ్ళుతుంది. ఎప్పటికీ ఊడకపోతే, బావి మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు. ఉన్నది ఉన్నట్టు బిగిసి ఉండాలి, చివరి ఉపాయంగా ఫలానా బరువుతో లాగితే పిన్నులు తెగి ఊడాలి. అది కూడా ఒక్కోదానికి ఒక్కో బరువు, పైది ముందు, కిందిది తర్వాత. ఇది బ్రోషర్లో మొదటి పేజీలో ఉండాల్సిన విషయం.

డబ్బు సంగతి సరే. బ్యారెల్ నూనెకి మూడు బ్యారెళ్ళ నీటిని ఆవిరి చేస్తున్నామనుకుంటే, నా లెక్క ప్రకారం ఆ నూనెలో ఉండే శక్తిలో దాదాపు అయిదో వంతు నీళ్ళు కాచడానికే పోతుంది. దొంగ పొరకి పోయిన ఆవిరి ఉత్త గ్యాసు ఖర్చు. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. 2011 జూన్‌లో కెర్న్ కౌంటీలోనే మిడ్‌వే-సన్‌సెట్ క్షేత్రంలో ఒక బావి దగ్గర నేలలోంచి ఆవిరి వస్తోందని చూడ్డానికెళ్ళిన చెవ్రాన్ ఉద్యోగి కాళ్ళకింద నేల కుంగి, ఆ మరిగే బురదలో పడి చనిపోయాడు. 2019లో పక్కనే సిమ్రిక్ క్షేత్రంలో నూనె, నీళ్ళు కలిసి నెలల తరబడి నేలలోంచి ఉబికాయి. ఆ ఏడాది నవంబర్లో కాలిఫోర్నియా ప్రభుత్వం ఎక్కువ ఒత్తిడితో ఆవిరి ఎక్కించే కొత్త బావులకి అనుమతులు ఆపేసింది.

ప్యాకర్లుంటే ఆ మనిషి బతికేవాడని నేననను. కేసింగ్ బయట సిమెంటు చెడితే, పక్కనున్న పాత బావి గొట్టం విరిగి ఉంటే, లోపల ఎన్ని గోడలు కట్టినా ఆవిరి బయటి దారిన పైకొస్తుంది. ప్యాకర్ బావి లోపలి వరకే కాపలా. కానీ ఏ పొరకి ఎంత ఆవిరి వెళ్ళిందో విడివిడిగా లెక్క తెలిస్తే, పై పొర ఉన్నట్టుండి ఎక్కువ తాగడం మొదలెట్టిన రోజే తెలుస్తుంది, ఆ ఒక్క తూమూ మూసి మిగతా పని సాగించొచ్చు. అన్నీ ఒకే తాడుకి కట్టి ఉంటే బావి మొత్తం ఆపాలి. ఆపితే ఉత్పత్తి పోతుంది కాబట్టి రేపు చూద్దాం అనాలనిపిస్తుంది.

మన దగ్గర కూడా రాజస్థాన్‌లో బాఘేవాలా దగ్గర ఆయిల్ ఇండియా వాళ్ళు చిక్కటి నూనె కోసం ఆవిరి ఎక్కిస్తున్నారు. ఏ బావికైనా ప్యాకర్లు కొనేవాళ్ళకి నా సలహా అడక్కపోయినా ఇస్తున్నాను: టెండర్లో 'స్వతంత్ర నియంత్రణ' అని రాసి ఊరుకోకండి. ఒక లైను కావాలని కోసేసి, మిగతావి 300 డిగ్రీల దగ్గర బిగించి విప్పి చూపించమనండి. వేడెక్కించి చల్లార్చి, మళ్ళీ వేడెక్కించి, పది సార్లు.