భయం తన పేరు చెప్పదు

విశాఖలో ఇంటర్వ్యూ. పది గంటలకల్లా అక్కడుండాలి. పలాస స్టేషన్‌కి ఇంటి నుంచి ఆటోలో పావుగంట. ఇస్త్రీ చేసిన చొక్కా కుర్చీకి వేలాడుతోంది. ఫైలులో సర్టిఫికెట్లు వరసగా సర్ది ఉన్నాయి. తీరా తెల్లవారుజామున లేచేసరికి కడుపులో ఏదో తిప్పినట్టు ఉంది. ‘‘ఒంట్లో బాగోకపోతే ఎలా ఎల్తావురా, ఇంకోటి వస్తాదిలే, ఒగ్గేయ్’’ అంటుంది అమ్మ. రైలు టైమ్ దాటిపోయాక చిత్రంగా కడుపు దానంతటదే సర్దుకుంటుంది. మధ్యాహ్నం అన్నం కూడా బాగానే సయిస్తుంది.

ఇలాంటి తెల్లవారుజాము మీకు ఎప్పుడూ ఎదురుకాలేదంటే సంతోషమే. ఎదురైతే మాత్రం ఆ కడుపునొప్పి నటన అని మేం అనడం లేదు. నొప్పి నిజమే. దానికి కారణం నిన్న రాత్రి తిన్న తిండి కాదు, అంతే.

మన దగ్గర ‘భయమేసింది’ అని ఎవరూ చెప్పరు. ‘ఆ కంపెనీ మంచిది కాదట’ అంటారు. ‘అక్కడ ఇంగ్లిషే మాట్లాడాలట’ అంటారు. ‘రానుపోను ఖర్చు దండగ’ అంటారు. వీటిలో కొన్ని నిజమైన ఇబ్బందులే. చార్జీలకు చేతిలో డబ్బులు లేకపోవడాన్ని భయం ఖాతాలో వెయ్యడం అన్యాయం. మరి ఏది నిజం, ఏది సాకు? మిమ్మల్ని మీరే ఒక ప్రశ్న అడిగి చూడండి. అదే కంపెనీ ఇంటర్వ్యూ లేకుండా నేరుగా ఆర్డరు పంపితే వెళ్లి చేరతారా? ‘రేపే బయల్దేరతాను’ అనిపిస్తే అడ్డం పడింది కంపెనీ కాదు, రైలు చార్జీ కాదు. నలుగురు కూర్చున్న ఆ గదిలోకి అడుగు పెట్టడమే.

తప్పించుకున్న పూట కలిగే హాయి ఉంది చూశారూ, చిక్కంతా దానితోనే. భయపడ్డ పని మానేయగానే గుండె దడ తగ్గుతుంది, చేతుల చెమట ఆరుతుంది. ‘మానేస్తే హాయి’ అని మెదడు ఒక పాఠం నేర్చుకుంటుంది. రెండోసారి అదే పని ఎదురైతే ఇంకాస్త ముందే దడ మొదలుపెడుతుంది. మొదటిసారి స్టేషన్ దాకా వెళ్లి వెనక్కి వస్తాం. తర్వాత ఇంట్లోంచే కదలం. ఆ తర్వాత అప్లికేషనే పెట్టం. అప్పు తీసుకున్న రోజు చేతిలో డబ్బుంటుంది కాబట్టి బాగానే ఉంటుంది. వడ్డీ కట్టాల్సిన రోజు వేరే వస్తుంది.

ఇదంతా ఇంటర్వ్యూల గొడవే అయితే ఇంత సీరియస్‌గా రాయాల్సిన పని లేదు. ఒకటి పోతే నిజంగానే ఇంకోటి వస్తుంది. ఉద్దానంలో కుర్రాళ్లు తప్పించుకు తిరిగేది మరొకటి ఉంది. రక్తపరీక్ష.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బు సంగతి మీకు మేం చెప్పనక్కర్లేదు. వీధిలో ఎవరో ఒకరు డయాలసిస్‌కి వెళ్లొస్తుంటే చూస్తూ పెరిగినవాళ్లు మీరు. షుగర్, బీపీ లేనివాళ్లకీ వస్తోంది. పొలం పనులు చేసే వయసులోనే వస్తోంది. ఇదీ కారణం అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. క్రియాటినిన్ అనే మాట మిగతా చోట్ల డాక్టర్లు మాత్రమే వాడితే, ఇక్కడ చదువురాని మామ్మలు కూడా వాడతారు.

అయినా ఇరవై రెండేళ్ల కుర్రాడిని ‘ఒకసారి చూపించుకోరాదూ’ అని అడిగితే వచ్చే జవాబు ‘నాకేటి, నేను బాగానే ఉన్నాను’. ఈ భయాన్ని వెర్రి భయమని కొట్టిపారేయడానికి మాకు నోరు రాదు. పక్కింటి పెద్దాయన ఎలా చిక్కిపోయాడో కళ్లారా చూసినవాడికి భయం వెయ్యకపోతేనే ఆశ్చర్యం. పైగా రిపోర్టులో ఏదైనా తేడా వస్తే ఊరంతా పాకుతుందని, పెళ్లి సంబంధాలు వెనక్కి పోతాయని, పోలీసు ఉద్యోగమో రైల్వే ఉద్యోగమో మెడికల్‌లో పోతుందని ఇంట్లో పెద్దవాళ్లకీ బెంగ. వాళ్లే ‘ఇప్పుడెందుకులే’ అంటారు. ఇష్టమున్న మనిషి చెప్పిన ‘ఇప్పుడెందుకులే’ని దాటి వెళ్లడం ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లడం కంటే కష్టం.

కాకపోతే లెక్క ఒకటి చూడండి. ఈ జబ్బు మొదటి దశల్లో పైకి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు, వాపు ఉండదు. ‘బాగానే ఉన్నాను’ అనే మాటకి ఇక్కడ ఏమంత విలువ లేదు. పరీక్ష చేయించుకోనంత మాత్రాన రక్తంలో ఉన్న క్రియాటినిన్ తగ్గిపోదు. తెలిస్తే మాత్రం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఒళ్లు నొప్పులకని మందుల షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయి. వాటిని వెంటనే మానేయొచ్చు. బీపీ ఉంటే అదుపులో పెట్టుకోవచ్చు. డాక్టరు చెప్పిన గడువుకి మళ్లీ చూపించుకోవచ్చు. తొందరగా తెలిసినవాడికి ఉండే వ్యవధి ఆలస్యంగా తెలిసినవాడికి ఉండదు.

ఇంకో సంగతి. ఒక్క రిపోర్టులో అంకె ఎక్కువ వచ్చిందని జబ్బు ఖాయమైపోదు. మూడు నెలలకు పైగా తేడా కొనసాగితేనే డాక్టర్లు దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. అందుకే మళ్లీ పరీక్ష చేస్తారు, మూత్రం కూడా చూస్తారు. కానిస్టేబుల్ సెలక్షన్లకి 1600 మీటర్లు ప్రాక్టీసు చేస్తున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఎండలో గట్టిగా పరిగెత్తి, నీళ్లు సరిగా తాగకుండా వెళ్లి రక్తం ఇస్తే అంకె కాస్త పెరిగి కనిపించవచ్చు. ముందు రోజు రాత్రి మాంసం దండిగా తిన్నా అంతే. జిమ్‌లో ఇచ్చే క్రియాటిన్ పొడి వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకి చెప్పి తీరాలి.

ఫలితం మీద భయం ఒక ఎత్తు, సూది మీద భయం ఇంకో ఎత్తు. రెండోదాని గురించి మగపిల్లలు అస్సలు నోరు విప్పరు. ‘గుంటడివై ఉండి సూదికి భయమేటి’ అని నవ్వుతారని. ఇది రాస్తున్న నేను డిగ్రీ రెండో సంవత్సరంలో రక్తదాన శిబిరానికి ఉత్సాహంగా వెళ్లి, నా వంతు రాకముందే, పక్కవాడి చేతికి ఉన్న గొట్టం చూసి కిందపడ్డాను. లేచేసరికి ఎవరో మొహం మీద నీళ్లు చల్లుతున్నారు. తర్వాత ఆరేడేళ్లు ఏ ల్యాబ్ గుమ్మమూ తొక్కలేదు. అది పిరికితనమనే అనుకున్నాను. కాదని చాలా ఆలస్యంగా తెలిసింది.

మిగతా భయాల్లో గుండె వేగం, బీపీ పెరుగుతాయి. కుక్కను చూసి భయపడ్డవాడు సాధారణంగా కళ్లు తిరిగి పడడు, పరిగెడతాడు. రక్తం, సూది చూస్తే వచ్చే భయంలో కొందరికి మొదట పెరిగిన బీపీ ఉన్నట్టుండి పడిపోతుంది. మెదడుకి రక్తం చాలక కళ్లు బైర్లు కమ్ముతాయి. కాబట్టి ఇక్కడ ‘రిలాక్స్ అవ్వు, గట్టిగా ఊపిరి పీల్చుకో’ అన్న సలహా అంతగా పనికిరాదు. స్వీడన్‌కి చెందిన సైకాలజిస్టు లార్స్ గోరన్ ఓస్ట్ 1980లలో దీనికి తిరగేసిన ఉపాయం కనిపెట్టి పరీక్షించారు. ఒంటిని వదులు చెయ్యకుండా బిగబట్టడం. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను పది పదిహేను సెకన్లు గట్టిగా బిగించాలి. మొహం వెచ్చబడినట్టు అనిపించగానే వదలాలి. అర నిమిషం ఆగి మళ్లీ. ఇలా ఐదుసార్లు. ఇంట్లోనే రోజూ కొంచెం సాధన చేసి, రక్తం ఇచ్చేటప్పుడు సూది గుచ్చే చేతిని మాత్రం వదులుగా ఉంచి మిగతా ఒళ్లు బిగించుకుంటే బీపీ పడిపోకుండా నిలబడుతుంది. గుండె జబ్బు, హైబీపీ ఉన్నవాళ్లు డాక్టరుని అడిగి చెయ్యడం మంచిది.

మిగతా భయాలకి మార్గం వేరే. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ పరిశోధకురాలు, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే మూడేళ్లు కూడా నిండని పిల్లాడితో చేసిన ప్రయత్నం గురించి రాశారు. పిల్లాడు ఇష్టమైనది తింటుండగా కుందేలును గదిలో దూరంగా ఉంచేవారు. వాడు ఏడవనంత దూరంలో. తర్వాత రోజుల్లో కొంచెం కొంచెం దగ్గరికి జరిపారు. చివరికి పీటర్ కుందేలుతో ఆడుకున్నాడు. ఆ తర్వాత వందేళ్లలో భయాలకు ఇచ్చే చికిత్స చాలా ఎదిగింది కానీ, మెట్టు తర్వాత మెట్టు ఎక్కించడమనే పద్ధతి ఇప్పటికీ దాని నడుములోనే ఉంది.

మీ కుందేలు ఏదో మీకే తెలుసు. టెక్కలిలో ఇంజినీరింగ్ చదివినా, కాశీబుగ్గలో డిగ్రీ చదివినా, చాలామందికి అది ఇంగ్లిష్‌లో మాట్లాడాల్సి రావడం. దానికి మొదటి మెట్టు ఇంటర్వ్యూ కాదు. గదిలో ఒక్కరే కూర్చుని ఫోన్‌లో రెండు నిమిషాలు మీ గురించి మీరే రికార్డు చేసుకోండి. విన్నప్పుడు సిగ్గేస్తుంది. వెయ్యనివ్వండి, తుడిచెయ్యకండి. తర్వాత నవ్వని స్నేహితుడొకడి ముందు. నవ్వే స్నేహితుడు మూడో మెట్టు! ఆ తర్వాత ఏ కస్టమర్ కేర్‌కో ఫోన్ చేసి రీచార్జి వివరాలు ఇంగ్లిష్‌లో అడగండి, అవతలివాళ్లు మిమ్మల్ని ఎన్నడూ చూడరు కదా. అప్పుడు, వచ్చినా రాకపోయినా పర్లేదనుకున్న ఉద్యోగానికి ఒక ఇంటర్వ్యూ. బాగా కావాలనుకున్నది ఆఖర్న.

మెట్టు మీద నిలబడ్డప్పుడు దడ వస్తుంది. అది తగ్గేదాకా అక్కడే ఉండటమే అసలు పని. దడ మంచి ఉధృతంలో ఉండగా దిగి వచ్చేస్తే మెదడు మళ్లీ పాత పాఠమే నేర్చుకుంటుంది. భయం పూర్తిగా పోయాక వెళ్దాంలే అని ఆగినవాళ్లు ఏళ్లు ఆగారు. అలాగని ఈత నేర్పుతామని నూతిలోకి తోసేసే బావలూ బాబాయిలూ మన ఊళ్లలో ఉంటారు. వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లకంటే మళ్లీ నూతి దగ్గరికి పోనివాళ్లే ఎక్కువ అని నా అనుమానం. హాస్టల్లో తమ్ముడొకడు బల్లికో, లిఫ్టుకో, స్టేజీకో భయపడితే ఆటపట్టించడం సరదాగానే ఉంటుంది. అది వాడిని ఒక మెట్టు కిందికి దించుతుందని మాత్రం తెలుసుకోండి.

ఉంచుకోవాల్సిన భయాలూ ఉన్నాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 కిలోమీటర్లు దాటింది. ఏళ్ల తరబడి పెంచిన కొబ్బరి, జీడి తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. అప్పుడు బడి వయసులో ఉన్నవాళ్లు మీలో చాలామంది. తుపాను హెచ్చరిక వినగానే గుండె ఝల్లుమంటే అది మిమ్మల్ని షెల్టరుకి నడిపించే భయం, దానితో మనకు పేచీ లేదు. మామూలు సాయంత్రం గాలికి తాటాకు గలగలమన్నా నిద్ర పట్టకపోవడం, అక్టోబరు వస్తోందంటేనే ఊరు వదిలి పోవాలనిపించడం వేరే సంగతి.

భయం ఆరు నెలలకు పైగా పట్టి ఉండి, దాని వల్ల చదువో, ఉద్యోగమో, ప్రయాణమో ఆగిపోతుంటే దాన్ని ఫోబియాగా చూసి చికిత్స చేస్తారు. మెట్ల పద్ధతి మీ అంతట మీకు సాధ్యం కాకపోతే సైకాలజిస్టు పక్కనుండి చేయిస్తారు. ఉన్నట్టుండి ఛాతీ పట్టేసి, ఊపిరాడక, చచ్చిపోతామేమో అనిపిస్తే మొదట మామూలు డాక్టరుకి చూపించి గుండె సంగతి తేల్చుకోండి. అది బాగుందని తేలితే మనసు డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సందేహించకండి. ఊళ్లో ఎవరైనా చూస్తారన్న జంకు ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలీమానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్ చెయ్యడమే భయమైతే మొదటిసారి పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. అదీ ఒక మెట్టే.

ఇక ఉద్దానం వాళ్లకి. ఈ వారంలో ఒక పొద్దున పెట్టుకోండి. క్రియాటినిన్ పరీక్షకి సాధారణంగా పరగడుపున వెళ్లాల్సిన పని లేదు. ముందు రోజు పరుగు మానేయండి, నీళ్లు మామూలుగా తాగండి. ‘నాకు సూదంటే కళ్లు తిరుగుతాయి, పడుకుని ఇస్తాను’ అని ల్యాబ్‌లో ముందే చెప్పండి. వాళ్లకిది కొత్తేమీ కాదు, బల్ల చూపిస్తారు. ఒళ్లు బిగించుకోండి, చెయ్యి వదిలేయండి. చూడలేకపోతే మొహం అటు తిప్పుకోండి. అయిపోయాక వెంటనే లేవకండి, పది నిమిషాలు ఆగండి. తోడు కావాలంటే తీసుకెళ్లండి. సాయంత్రం రిపోర్టు తేవడానికి మాత్రం మీరే వెళ్లండి. కవరు ఇంటిదాకా మొయ్యకుండా అక్కడే విప్పి, అది పట్టుకుని డాక్టరు గదిలోకి నడవండి.